కిల్లరు బుల్లోడైన వైనం

మన తెలుగువాళ్ళం ఆవుకు లక్ష్మి అనో, గౌరి అనో పేరు పెట్టుకుంటాం. ఎడ్లజతకు రాముడూ, లక్ష్మణుడూ అని పెడతాం. ఒక్క కుక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎక్కడలేని ఇంగ్లీషూ ముంచుకొస్తుంది. టామీ, జిమ్మీ, టైగర్, సీజర్! పేరొక్కటే కాదు సుమండీ, సంభాషణ కూడా ఆ భాషలోనే. భార్యాబిడ్డలతో ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడని పెద్దమనిషి సైతం కుక్కను చూడగానే "కమాన్! సిట్‌డౌన్!" అంటాడు. ఆ కుక్క చూడబోతే పుట్టింది పెద్దాపురంలో, పెరిగింది సామర్లకోటలో. దొరలు 1947లో ఓడెక్కి వెళ్ళిపోయారు గాని, వాళ్ళ కుక్కల పేర్లు మాత్రం మన అరుగుల మీదే పడుకుని వున్నాయి.

పల్లెటూళ్ళు కొంత నయం. అక్కడ కుక్క రంగే కుక్క పేరు. నల్లగా వుంటే నల్లోడు, ఎర్రగా వుంటే ఎర్రోడు, మచ్చలుంటే మచ్చోడు. ఇదేదో చదువులేనివాళ్ళ పద్ధతి అని చిన్నచూపు చూడటానికి వీల్లేదు. సాక్షాత్తూ యమధర్మరాజు గారి వాకిట కాపలా కాసే రెండు కుక్కల పేర్లు చిత్తగించండి: శ్యామం, శబలం. శ్యామమంటే నల్లనిది. శబలమంటే మచ్చలది. నల్లోడూ, మచ్చోడూ! మన రైతు పెట్టిన పేరుకూ, వైదికులు పెట్టిన పేరుకూ భాష ఒక్కటే తేడా.

ఆ రెంటి తల్లి సరమ. ఋగ్వేదంలో ఇంద్రుడి తరఫున వెళ్ళి, పణులు దాచిన ఆవుల జాడ తీసిన కుక్క. భారతంలో ఆదిపర్వం అట్టే దూరం నడవకముందే మళ్ళీ కనిపిస్తుంది. ఏ తప్పూ చెయ్యని తన బిడ్డను జనమేజయుడి తమ్ముళ్ళు కొట్టారని నిండు యాగశాలలోకి వచ్చి నిలదీసి, శపించి మరీ వెళ్ళింది. అంతటి మహాభారతం ఒక కుక్క ఫిర్యాదుతో మొదలై, ధర్మరాజు వెంట నడిచిన ఇంకో కుక్కతో ముగియవస్తుంది. ఆ రెండో కుక్కకు పేరు లేదు. స్వర్గ ద్వారం దగ్గర ఇంద్రుడితో వాదించి గెలిచిన ధర్మరాజు, దారి పొడవునా దాన్ని ఏమని పిలిచాడో వ్యాసులవారు చెప్పలేదు. నాకు మాత్రం చిన్నప్పటినుంచీ అదొక వెలితిగానే వుంది.

ఇంత పురాణం ఎందుకంటే, ఈ మధ్య మా ఇంట్లో ఒక కుక్కకు పేరు మార్చవలసిన అవసరం వచ్చింది. అదేమీ సరదా వ్యవహారం కాదు. పేరు కుదరకపోతే కుక్క వెళ్ళిపోవాలి, లేదా మేము ఇల్లు ఖాళీ చెయ్యాలి.

మా మేనల్లుడు ఉద్యోగరీత్యా కెనడా వెళ్ళిపోతూ తన కుక్కను మాకు అప్పగించాడు. గ్రేట్ డేన్ జాతిది, రెండేళ్ళ వయసు. లేడి రంగు ఒళ్ళు, నల్లటి మూతి. నాలుగు కాళ్ళ మీద నిలబడితే భుజం ఎత్తు 33 అంగుళాలు. ముందుకాళ్ళు ఎత్తి నిలబడితే నాకంటె పొడుగు. బరువు 65 కిలోలు. ఈ "డేన్" అన్న మాట చూసి డెన్మార్కు కుక్క అనుకునేరు. ఇది జర్మనీవాళ్ళు అడవిపందుల వేటకు తయారుచేసుకున్న జాతి. 18వ శతాబ్దంలో బుఫాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎందుకో దీన్ని డెన్మార్కుకు అంటగట్టాడు, అదే నిలిచిపోయింది. జాతికే పేరు తప్పు పడిందన్నమాట. ఇంక మనిషి మనిషికీ, కాదు, కుక్క కుక్కకీ తప్పు పేరు పడటంలో వింతేముంది?

మావాడు దానికి పెట్టిన పేరు "కిల్లర్."

వేటకుక్కల సంతతే గాని స్వభావం చూడబోతే ఆవుదూడ. పిల్లి ఎదురైతే గోడవారగా తప్పుకుంటుంది. పాలవాడు వస్తే తోక వూపుతుంది. ఆ తోక తగిలి గ్లాసులు కింద పడితే ఆ చప్పుడుకు తనే అదిరిపడుతుంది. ఒళ్ళో కూర్చోవాలని సరదా. ఒడి చాలదని దానికి తెలియదు. మా ఆవిడ మొదట్లో నాలుగు రోజులు దూరంగా వుండి, అయిదో రోజున "దానికి దుప్పటి చాలటం లేదండీ" అంది. అంతటితో ఇంట్లో సమస్య తీరిపోయింది.

వీధిలో తీరలేదు. సాయంత్రం గొలుసు పట్టుకుని బయలుదేరి, అది ఏ వాసన దగ్గరో నిలబడిపోతే "కిల్లర్! రా!" అని కేక వెయ్యాలి గదా! ఆ కేకకు ఎదురింటివారు తలుపులు వేసుకునేవారు. ఒకనాడు ట్యూషను నుంచి వచ్చే పిల్లలు ఆ పిలుపు విని పుస్తకాలు పారేసి పరుగెత్తారు. ఒక కుర్రవాడు పడి మోకాలు గీరుకుపోయింది. కుక్క వాడి దగ్గరికి కూడా పోలేదు. పారేసిన పలకో పుస్తకమో వాసన చూస్తూ నిలబడింది. అయినా మర్నాటికి "కిల్లరు కరిచిందిట" అని వీధి చివర దాకా పాకిపోయింది. పేరులోనే అంత అభియోగం వుంటే వేరే సాక్ష్యం ఎవరడుగుతారు?

ఆ సాయంత్రమే మా ఇంటివారు మెట్లెక్కి వచ్చారు. మర్యాదస్తులు, పైగా, కింద వాటాలో పక్షవాతం వచ్చి తేరుకుంటున్న తల్లి వుంది.

"ఏమనుకోకండి మాస్టారూ. పదిహేను రోజులు టైమిస్తున్నాను. ఈలోగా దాన్నయినా ఎక్కడికైనా పంపించండి, మీరయినా వేరే ఇల్లు చూసుకోండి" అన్నారు.

"అది ఎవర్నీ ఏమీ చెయ్యదండీ."

"చెయ్యనిదానికి ఆ పేరెందుకండీ?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆయన అడిగిందాంట్లో న్యాయం వుంది. చిన్న కుక్కకు పేరు వేళాకోళంగా పెట్టవచ్చు. అరచెయ్యంత బొచ్చుకుక్కను టైగరంటే నవ్వొస్తుంది. మనిషి నడుమెత్తు కుక్కను కిల్లరంటే ఎవరికీ నవ్వు రాదు. పెద్ద కుక్కకు పేరే మూతికట్టు, పేరే కోరలు. వీధి దాని ముఖం చూసేలోపలే పేరు వింటుంది.

దేశదేశాలవాళ్ళు ఇట్లాంటి భారీ జంతువులకు ఏం పేర్లు పెట్టారా అని ఆ పదిహేను రోజుల్లో నేను చదివినంత ఇంకెప్పుడూ చదవలేదు. కుక్కల వేట గురించి సుమారు రెండువేల నాలుగువందల ఏళ్ళ కిందట పుస్తకం రాసిన జెనొఫన్ అనే గ్రీకు ఆసామీ, పిలవటానికి వీలుగా పేర్లు పొట్టిగా వుండాలని చెప్పి, 47 పేర్ల జాబితా కూడా ఇచ్చాడు. మన పంచాంగాల్లో మగపిల్లల పేర్లు, ఆడపిల్లల పేర్లు ఇచ్చినట్టు! స్కాట్లండు నవలాకారుడు సర్ వాల్టర్ స్కాట్‌కు ఒక బ్రహ్మాండమైన, పరమ సాధువైన వేటకుక్క వుండేది. 1806లో ఇటలీలో ఆంగ్లేయులు గెలిచిన ఒక యుద్ధం పేరే దానికి పెట్టారు. ఎడింబరోలో స్కాట్ స్మారకంలో ఆయన పాలరాతి విగ్రహం పక్కన దాని విగ్రహం కూడా వుంది. ఇంతకీ పేరేమిటంటారా? మైదా. ఈ సంగతి మా ఆవిడకు చెబితే, "పూరీల పిండా?" అంది. ఎంత చారిత్రకమైనా రాజమండ్రిలో చెల్లే పేరు కాదు.

మన దక్షిణాది వాళ్ళు కూడా తక్కువ తినలేదు. కర్ణాటకలో మండ్య దగ్గర ఆతకూరులో ఒక వీరగల్లు దొరికింది. పదో శతాబ్దపు మధ్యకాలం నాటిది. తక్కోలం యుద్ధంలో చోళులమీద పరాక్రమం చూపిన మణలేరుడనే వీరుణ్ణి, నీకేం కావాలో కోరుకోమని ప్రభువు అడిగాడు. ఊరడగలేదు, మాన్యం అడగలేదు. కాళి అనే వేటకుక్కను ఇప్పించమన్నాడు! ఆ కాళి తరవాత ఒక పెద్ద అడవిపందితో పోరాడి, దాన్ని చంపి తానూ చచ్చిపోయింది. దానికోసం శిలాశాసనం వేయించి, పూజకు భూమి కూడా ఇచ్చారు. ఆ రాయి ఇప్పటికీ బెంగుళూరు మ్యూజియంలో వుంది. అంతకంటె పాతది, పల్లవ మహేంద్రవర్మ కాలంనాటిది, తిరువణ్ణామలై జిల్లా ఎడుత్తనూరులో ఇంకొకటి వుంది. అందులో కుక్క పేరు కోవివన్. యజమాని పడిపోయినా వదలక ఇద్దరు దొంగలను కరిచి కాపలా కాచిందని రాతిలో చెక్కించారు. పదమూడువందల ఏళ్ళు దాటినా ఆ పేరు చెరిగిపోలేదు. కుక్కకు పేరు పెట్టటమంటే తేలికపని కాదని ఆ రాళ్ళు చూసినా తెలుస్తుంది.

వీటన్నిటికంటె నన్ను పట్టుకున్న కథ దక్షిణాఫ్రికాది. ఎందుకంటే అది మా కుక్క జాతిదే, మా గొడవ లాంటి గొడవే. కేప్‌టౌన్ దగ్గర సైమన్స్ టౌన్ అనే నౌకాస్థావరం వుంది. అక్కడ 1930ల చివర్లో ఒక గ్రేట్ డేన్ నావికుల వెంట పడి తిరిగేది. ఓడ ఎక్కే ఇరుకు పలక మీద అడ్డంగా పడుకునేది. లేవదు, దాటనివ్వదు. విసుగెత్తిన నావికులు దాన్ని "నూసెన్స్" అన్నారు. తెలుగులో చెప్పాలంటే "న్యూసెన్సు కేసు"లో న్యూసెన్సే. అంతటితో ఆగక నావికులతోపాటు రైలెక్కటం మొదలుపెట్టింది. టిక్కెట్టు లేదు. రైల్వేవాళ్ళు దింపితే వెనక బండి ఎక్కేది. చివరికి, ఇంకోసారి కనిపిస్తే చంపించేస్తామని వాళ్ళు నోటీసిచ్చారు. అప్పుడు నౌకాదళంవాళ్ళు చేసిన పని చూడండి. 1939 ఆగస్టు 25న దాన్ని నావికుడిగా దళంలో చేర్చుకున్నారు! నావికుడికి రైలు చార్జీ వుండదు గదా! దరఖాస్తులో ఇంటిపేరు దగ్గర "నూసెన్స్" అని రాశారు. అసలు పేరు కాలమ్ ఖాళీగా వుంచకూడదు గనుక "జస్ట్" అని నింపారు. వెరసి, "జస్ట్ నూసెన్స్" - ఉత్త న్యూసెన్సు. వృత్తి అన్నచోట "బొమికలు నమిలేవాడు" అని అర్థం వచ్చే మాట రాశారు. 1944 ఏప్రిల్ 1న, సరిగ్గా ఏడేళ్ళు నిండిన రోజున, అది చచ్చిపోతే సైనిక లాంఛనాలతో పాతిపెట్టారు. ఆ వూళ్ళో ఈనాటికీ దాని కంచు విగ్రహం వుంది.

పేరు తిట్టే. కాని ఆ తిట్టులో ఎంత ముద్దుందో చూశారా! విసుగు కూడా ప్రేమగా వినిపించే పేరు కావాలి. "కిల్లర్"లో లేనిది అదే.

ఏడేళ్ళన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. పెద్ద కుక్కలకు ఆయుర్దాయం తక్కువ. ఈ జాతికి ఏడు నుంచి పదేళ్ళు. 111.8 సెంటీమీటర్ల ఎత్తుతో 2011లో ప్రపంచ రికార్డు సంపాదించిన జూస్ అనే గ్రేట్ డేన్ అయిదేళ్ళకే కన్నుమూసింది. మాదానికి రెండేళ్ళు ఆ పాడు పేరుతోనే గడిచిపోయాయి. మిగిలినవి ఎన్నో!

ఇంక మా ఇంటి నామకరణ సభ సంగతి. మా మనవడు "స్కూబీ" అన్నాడు. 1969లో అమెరికాలో మొదలైన టీవీ బొమ్మల సీరియల్లో పిరికి కుక్క పేరుట అది. జాతి కూడా ఇదేనట. వాడి న్యాయం వాడిదే. పక్కింటి రిటైర్డు తాసీల్దారుగారు "సీజర్ అయితే హుందాగా వుంటుంది" అన్నారు. ఆయన తన హయాంలో పెంచిన మూడు కుక్కలూ సీజర్లే. నాకు "సారమేయుడు" అంటే మనసు. సరమ సంతానం గనుక సార్థక నామధేయం. "మీరు ఆ పేరు పూర్తిచేసేలోపల అది గోదావరి దాటిపోతుంది" అని మా ఆవిడ కొట్టిపారేసింది. భీముడన్నాం. ఎదురింటాయన పేరు భీముడితోనే మొదలవుతుంది. అసలే తలుపులు వేసుకునే మనిషి. మా ఆవిడ "రాజా" అంది. నేను ఒప్పుకోలేదు. కుక్కకు ముందుగా వినిపించేది మొదటి అక్షరం. "రాజా, పో" అంటే మొదట "రా" అని విని దగ్గరికి వస్తుంది, వచ్చాక "పో" అంటే నొచ్చుకుంటుంది. మనవాళ్ళు ఇన్ని లక్షల కుక్కలకు రాజా, రాము, రాణి అని పెట్టి, అవి చెప్పినమాట వినవని తిట్టుకోవటం నాకు ఎప్పుడూ అన్యాయంగానే కనిపిస్తుంది.

పేరు చివర కూడా చూసుకోవాలి. మనది అజంత భాష. దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. పొలం గట్టు మీద నిలబడి రెండు ఫర్లాంగుల అవతల వున్నవాణ్ణి పిలవటానికి పుట్టిన భాష. "టైగర్" అని పిలిస్తే రేఫ దగ్గర గొంతు తెగిపోతుంది. అందుకే మనవాళ్ళు "టైగరూ...!" అని దీర్ఘం తీస్తారు. పొట్టిగా, రెండక్షరాల్లో, చివర సాగదీయటానికి వీలుగా, "రా, పో, వద్దు" అనే మాటలకు దూరంగా వుండాలి. రెండేళ్ళు వేరే పేరుకు అలవాటుపడిన కుక్క గనుక పాత పేరు పోలిక కాస్త తగలాలి. పైగా వీధి భయం పోగొట్టాలి. ఇన్ని షరతులు పెడితే మనుషులకే పేరు దొరకదు. పన్నెండు రోజులు గడిచిపోయాయి. నేను ఒక పక్క ఇళ్ళు చూడటం కూడా మొదలుపెట్టాను. "కుక్క వుందండీ" అనగానే "ఎంత కుక్క?" అనేవారు. చేత్తో ఎత్తు చూపిస్తే మాట మార్చేవారు.

పదమూడో రోజు దీపావళి.

చీకటి పడకముందే వీధిలో మొదటి లక్ష్మీబాంబు పేలింది. వెనక వరండాలో కట్టేసిన కుక్క ఒక్క ఉదుటున గొలుసు తెంపుకుని మెట్లు దిగి పోయింది. నేనూ, మనవడూ వీధంతా వెతికాం. టపాకాయల మోతలో నా కేకలు నాకే వినిపించలేదు. వెనక్కి తిరిగి వచ్చేసరికి ఇంటివారు తమ వాటా గుమ్మంలో కొయ్యబారి నిలబడి వున్నారు. లోపల మామ్మగారి నవారుమంచం దానంతట అదే లేచి లేచి పడుతోంది. మంచం మీద మామ్మగారు. మంచం కింద కిల్లరు. ఒళ్ళు పట్టక, వీపు మంచానికి తగులుతూ, వణికిపోతోంది. దాని వణుకుకే మంచం ఊగుతోంది.

నా గుండె జారిపోయింది. ఇంటివారు నోరు విప్పబోయేంతలో మామ్మగారు బాగున్న చెయ్యి కిందికి జాపి దాని తల తడుముతూ, "ఓరి నా బుల్లోడా! ఇంత ఒళ్ళేసుకుని చిచ్చుబుడ్డికి భయవేంట్రా? వుండు, వుండు. నేనున్నాగా" అంది.

పక్షవాతం వచ్చాక ఆవిడ వరసగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారిట. ఇంటివారు తరవాత చెప్పారు.

రాత్రి పదిన్నర దాకా అది అక్కణ్ణించి కదల్లేదు. మామ్మగారు కదలనివ్వలేదు. మర్నాడు పొద్దున్నే కొడుకుతో, "బుల్లోడికి ఇంత పెరుగన్నం కలపమను" అందిట. పదిహేనో రోజు వచ్చింది, వెళ్ళింది. ఇంటివారు గడువు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

గోదావరి జిల్లాల వాళ్ళకు ఈ పేరు గురించి చెప్పక్కరలేదు. ఆరడుగుల ఆజానుబాహువును కూడా అరవయ్యో ఏట బుల్లబ్బాయిగారనే మర్యాద మనది. మిగతా ప్రాంతాలవారి కోసం చెబుతున్నాను: బుల్లి అంటే చిన్న, ముద్దుగా చిన్న. నా షరతులన్నీ ఒక్కొక్కటే సరిచూసుకున్నాను. రెండక్షరాలు. సాగదీయటానికి చివర ఇకారం. నడుమ "కిల్లర్"లోని జంట లకారమే. పన్నెండు రోజులు పుస్తకాలు తిరగేసి నేను పట్టుకోలేని పేరును మామ్మగారు చీకట్లో మంచం మీదనుంచి అందించింది.

పేరు దొరకటం ఒక ఎత్తు, దాన్ని కుక్కకు అంటించటం ఒక ఎత్తు. ఎదిగిన కుక్కకు పేరు మార్చకూడదనే భ్రమ చాలామందికి వుంది. పేరంటే వాటికి అర్థం కాదు, ఒక చప్పుడు. ఆ చప్పుడు వెనకాల మంచి జరుగుతుందని తెలిస్తే చాలు. మొదటి వారం "బుల్లీ, కిల్లర్" అని రెండూ కలిపి పిలిచి, ఇటు చూడగానే ఇడ్లీ ముక్క పెట్టాం. తరవాత రెండోది గొంతు తగ్గించి అన్నాం, తరవాత మానేశాం. తొమ్మిదో రోజుకు పక్కగదిలోంచి పిలిచినా వచ్చాడు. (అది "వాడు"గా మారటం కూడా ఆ రోజుల్లోనే జరిగింది.) ఒక్క నియమం మాత్రం ఇంటిల్లిపాదికీ పెట్టాను: కొత్త పేరుతో తిట్టకూడదు. తిట్టాలంటే పేరు లేకుండా తిట్టండి. పేరు వింటే భయపడే కుక్క పిలిస్తే రాదు.

కుక్కలు తమ పేరును ఎంత పట్టుగా పట్టుకుంటాయో శాస్త్రజ్ఞులు కూడా చూశారు. 2019లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు, పలువురు మాట్లాడుతున్న గోల వినిపిస్తూ మధ్యలో కుక్క పేరు పలికించారు. పేరు ఆ గోలతో సమానమైన స్థాయిలో వున్నా కుక్కలు గుర్తుపట్టాయి. గోల పేరుకంటె హెచ్చితేనే తప్పిపోయాయి. దీపావళినాడు నేను వీధిలో ఎంత అరిచినా ఎందుకు రాలేదో అది చదివాక బోధపడింది.

ఇప్పుడు సాయంత్రం మేము బయలుదేరితే వీధిలో తలుపులు మూసుకోవు. ట్యూషను పిల్లలే అరుగుల మీదనుంచి "బుల్లోడా!" అని కేకేస్తారు. మోకాలు గీరుకుపోయిన కుర్రవాడు గొలుసు తనకే ఇమ్మని పేచీ. వాడు కుక్కను నడిపిస్తున్నాడో, కుక్క వాణ్ణి నడిపిస్తున్నదో చెప్పటం కష్టం. ఎదురింటాయన మాత్రం ఇంకా ఒక రెక్క వేసే వుంచుతారు. అందరూ ఒక్కసారే మారాలంటే ఎలా?

మేనల్లుడికి ఫోనులో చెబితే, "అదేం పేరు మావయ్యా, పరువు తీశారు!" అన్నాడు. మామ్మగారి సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఒకసారి వాణ్ణి పిలవండి, వింటాను" అన్నాడు.

మొన్న రేబీస్ టీకా వేయించటానికి పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. కార్డు రాసే కుర్రవాడు పేరడిగితే చెప్పాను. అతను దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, రాసినదాన్ని ఒకసారి పైకి చదువుకుని, బల్ల అవతలికి రెండడుగులు జరిగాడు. ఆ భాషలో ఆ అక్షరాలకు రౌడీ అని అర్థం.

"తెలుగులో రాయండి నాయనా" అన్నాను.

కొట్టేసి, తెలుగులో రాశాడు. రాసి, తలెత్తి చూసి, "ఏరా బుల్లోడా, ఇటు రా" అన్నాడు. వాడు వెళ్ళి కార్డు మీద గడ్డం ఆనించాడు.